నీళ్ళు దిగిన దారిలో ఎక్కి వచ్చినవాళ్ళం

మా ఇంట్లో ఒక పాత గొడవ ఉంది. మనం ఎక్కడినుంచి వచ్చాం అని అడిగితే నాయన కంచి అంటాడు, అవ్వ పెన్న అంటుంది. నాయన చెప్పేదాంట్లో బండ్లు, ఒక ఆడపిల్ల, పొంగిన ఏరు, అన్నీ ఉంటాయి. వినడానికి బాగుంటుంది. అవ్వ దగ్గర కథ ఏమీ లేదు. "మనది పెన్నేటి నీళ్ళప్పా, ఇంకేం కావల్ల నీకు?" అని అంతటితో ఆపేస్తుంది. ఊరి పేరు అడిగితే తెలీదు.

అవ్వకు ఇప్పుడు ఎనభై ఎనిమిది. ఈమధ్య మనుమల పేర్లు కూడా తారుమారు చేస్తా ఉంది. ఈ ఏడాది ఎట్లైనా ఈ సంగతి తేల్చుకోవాలని నాకు పట్టుకుంది. సంక్రాంతికి ముందు ఆదివారం చిన్నాయన కొడుకును వెంటేసుకుని స్కందగిరి ఎక్కాను. ఆ రోజు కళ్ళతో చూసిందీ, అంతకు ముందు చదివిందీ కలిపి రాస్తున్నాను. నేను కన్నడ మీడియంలో చదివినవాణ్ణి, తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరాక నేర్చుకున్నాను. తప్పులుంటే పెద్దలు దిద్దండి.

స్కందగిరి అంటే బెంగళూరు పిల్లలకు తెలుస్తుంది, మన ఊళ్ళలో దాన్ని కళవార బెట్ట అంటారు. చిక్కబళ్ళాపురానికి ఆనుకుని పడమటగా ఉంటుంది. ఎత్తు సుమారు 1450 మీటర్లు. దానికి దక్షిణంగా నంది కొండ, 1478 మీటర్లు. బ్రహ్మగిరి, చన్నగిరి, దివ్యగిరి కలుపుకుని ఈ కొండల వరసను పంచగిరులు అంటారు. ఎక్కేది పాపాఘ్ని మఠం దగ్గర మొదలవుతుంది. ముందుగా అటవీ శాఖ టికెట్టు ఆన్‌లైన్లో తీసుకోవాలి. రాత్రి కొండమీద పండుకోనివ్వరు. పైదాకా నాలుగు కిలోమీటర్లు అనుకోండి, సగం దారి వట్టి బండ. మంచుకు బండ తడిసి జారుతుంది, మంచి బూట్లు వేసుకుని పొండి.

మేము మొదలుపెట్టినప్పుడు చేతులు కనిపించనంత మంచు. కింద తోటల్లోంచి అనపకాయ వాసన వస్తా ఉంది. మన సీమలో చలికాలం అంటే అదే కదా, పితికిన పప్పు పులుసు, రాగి సంగటి. సగం దారిలో పాత కోటగోడలు కనిపించాయి. సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడ, ఇప్పటికీ చాలా చోట్ల నిలబడే ఉంది. పైన పాడుబడిన చిన్న శివాలయం. అక్కడ కూర్చుని తెచ్చుకున్న రొట్టె తింటా ఉంటే పొద్దు పైకొచ్చి మంచు విడిపోయింది. నాలుగు దిక్కులూ కనిపించాయి. నేను ఎక్కింది దానికోసమే.

మన బళ్ళో భూగోళం పాఠంలో నది ఒక గీత, అంతే. ఈ కొండలమీద నిలబడి చూస్తే అది గీత కాదు, వాలు. నందికి పడమటి వాలు నీళ్ళు అర్కావతి అయ్యి దక్షిణానికి పోయి కనకపుర దాటాక కావేరిలో కలుస్తాయి. బెంగళూరుకు ఒకప్పుడు హెసరఘట్ట చెరువు ద్వారా తాగునీళ్ళు ఇచ్చింది ఈ ఏరే. ఇంకొక వాలు దక్షిణ పినాకిని. అది హొసకోట, హోసూరు, కృష్ణగిరి మీదుగా కడలూరు దాకా పోతుంది. ఉత్తర పినాకిని మన పెన్న. చెన్నకేశవ కొండలో పుట్టి గౌరిబిదనూరు మీదుగా హిందూపురం వైపు దిగి, అనంతపురం, కడప సీమలు చుట్టి, 597 కిలోమీటర్లు నడిచి నెల్లూరు దగ్గర సముద్రంలో పడుతుంది. చిత్రావతి బాగేపల్లి, పుట్టపర్తి మీదుగా పోయి గండికోట దగ్గర పెన్నలో కలుస్తుంది. మేము ఎక్కిన దారి మొదట్లో ఉన్న మఠానికి పేరు పాపాఘ్ని. ఆ పేరుతో ఈ సీమలో పుట్టిన ఏరు కడప జిల్లాలో గండి ఆంజనేయస్వామి గుడి పక్కన పారి, కమలాపురం దగ్గర పెన్నను చేరుతుంది. తూర్పున, చింతామణి వైపు తలగవారలో పాలారు పుడుతుంది. అది కోలారు, కుప్పం, వేలూరు మీదుగా కంచి సీమకు దిగుతుంది.

పాలారు గురించి ఆలోచిస్తున్నప్పుడు నాయన కథ గుర్తొచ్చింది. ఆ కథ మా ఒక్క ఇంటిది కాదు. అది ఆవతి నాడప్రభువుల కథ. లూయిస్ రైస్ తన మైసూరు గెజెటీరులో దాన్ని రాసిపెట్టాడు. కంచి దగ్గరున్న ఏడుగురు కాపులు, వాళ్ళకు పెద్ద రణభైరేగౌడ. వాళ్ళ పిల్లను అక్కడి పెద్దదొర ఒకడు పెళ్ళికి అడిగితే ఇష్టంలేక, బండ్లు కట్టుకుని రాత్రికి రాత్రి బయలుదేరారట. పాలారు పొంగి అడ్డమొచ్చిందట. ఆ పిల్ల గంగమ్మను మొక్కి చెవికమ్మ ఏట్లో వేస్తే నీళ్ళు విడిపోయి దారిచ్చాయట. నీళ్ళు విడిపోయింది కథ. కానీ వాళ్ళొచ్చి నందికి దగ్గర్లో ఆవతిలో నిలిచింది, వాళ్ళ వంశాలు చిక్కబళ్ళాపురం, దేవనహళ్ళి, దొడ్డబళ్ళాపురం ఏలింది చరిత్ర. 1501లో మల్లభైరేగౌడ దేవనహళ్ళిలో కోట కట్టించాడు. ఇప్పుడు మనం విమానం ఎక్కేది ఆ ఊరి పక్కనే. ఆ విమానాశ్రయానికి పేరున్న కెంపేగౌడ పూర్వీకులు కూడా ఈ వలసలోవాళ్ళే అంటారు. కెంపేగౌడ పేరుమీద గంగాగౌరీ విలాసం అనే యక్షగానం ఉంది. అది తెలుగులో ఉంది! బెంగళూరు కట్టినాయన పేరుమీద తెలుగు పుస్తకం ఉందని నాకు ముప్పై ఏళ్ళు వచ్చేదాకా ఎవరూ చెప్పలేదు.

ఈ కథను మన సీమలో చాలా తెలుగు ఇళ్ళు తమ కథగానే చెప్పుకుంటాయి. పెద్దవాళ్ళ కథ చిన్నవాళ్ళు తీసుకోవడం ఎక్కడైనా ఉన్నదే. నేను చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఒకరు అవును అంటే సరిపోదు, ఇంకొక దారిలో కూడా అదే జవాబు రావాలి. అందుకని మా ఇంట్లో కథ కాకుండా వేరే గుర్తులు ఏమున్నాయో చూశాను. ఒకటి దొరికింది. మా ఇలవేల్పు కదిరి నరసింహస్వామి. మా ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డకూ మొదటి పుట్టువెంట్రుకలు కదిరిలోనే తీస్తారు. కంచి వైపు మాకు ఒక్క మొక్కుబడీ లేదు. కదిరి పక్కన పారే మద్దిలేరు చిత్రావతిలో కలుస్తుంది, చిత్రావతి పెన్నలో కలుస్తుంది. అంటే అవ్వ చెప్పిన "పెన్నేటి నీళ్ళు" కదిరి సీమకు అచ్చంగా సరిపోతుంది. కదిరి నుంచి బాగేపల్లి, అక్కడినుంచి చిక్కబళ్ళాపురం. ఇప్పటికీ మా చుట్టరికాలన్నీ ఈ దారిమీదే ఉన్నాయి.

కొండమీదినుంచి చూస్తే ఇది ఇంకా తేటగా తెలిసింది. పాలారు దిగిపోయిన దారిలోనే ఆవతి వాళ్ళు ఎక్కి వచ్చారు. చిత్రావతి దిగిపోయిన దారిలో మావాళ్ళు ఎక్కి వచ్చుంటారు. బండి నడవాలంటే, ఎద్దులకు నీళ్ళు కావాలంటే, ఏటిగట్టు కంటే మంచి దారి ఏముంది? 1565 యుద్ధం తర్వాత విజయనగర రాజులు పెనుకొండకు చేరారు. అక్కడినుంచి ఈ కొండలు దూరం కాదు. దొరలకు కోటలు కావాలి, కోటలకు మనుషులు కావాలి, చెరువుల కింద పంట పెట్టేవాళ్ళు కావాలి. కరువొస్తే మనిషి నీళ్ళున్న వైపు నడుస్తాడు. మావాళ్ళు ఏ ఏడు వచ్చారో ఏ కాగితంలోనూ లేదు. కానీ రావడానికి కారణాలకు కొదవ లేదు.

వచ్చినవాళ్ళ బతుకు ఇక్కడ మెత్తగా ఏమీ లేదు. 1762లో హైదరాలీ చిక్కబళ్ళాపురం తీసుకున్నాడు. ఎదురుగా కనిపించే నందిదుర్గం కోటను 1791 అక్టోబరు 19న కారన్‌వాలిస్ సైన్యం మూడు వారాల ముట్టడి తర్వాత రాత్రివేళ ఎక్కి పట్టుకుంది. అంత నిట్రమైన బండమీదికి ఫిరంగులు ఎట్లా లాగారో తలుచుకుంటేనే ఒళ్ళు జలదరిస్తుంది. జెండాలు మారాయి. కింద మడి దున్నినవాళ్ళు ఆ మడిలోనే ఉన్నారు, ఇంట్లో తెలుగు, సంతలో కన్నడ.

స్కందగిరి పాదం దగ్గర ముద్దేనహళ్ళి ఉంది. 1861లో విశ్వేశ్వరయ్యగారు పుట్టిన ఊరు. ఆయన ఇంటిపేరు మోక్షగుండం, అది గిద్దలూరు దగ్గరి తెలుగు ఊరు. ఊరి పేరును ఇంటిపేరుగా మోసుకొచ్చారు కాబట్టి వాళ్ళకు దారి మరుపు కాలేదు. మాలాంటి ఇళ్ళకు ఆ అదృష్టం లేదు. ఇన్ని ఏళ్ళు పుట్టే కొండల కింద పుట్టినాయన నీళ్ళ పనికే బతుకంతా ఇచ్చాడు. మైసూరులో కన్నంబాడి కట్ట, 1908 మూసీ వరద తర్వాత హైదరాబాదు కోసం చేసిన పథకం, రెండింట్లోనూ ఆయన చెయ్యి ఉంది. ఆయన్ను ఆంధ్రావాడా, కన్నడిగుడా అని ఎవరూ తగువు పడరు. ఇద్దరూ మావాడే అంటారు. ఆఫీసులో నన్ను మాత్రం "నువ్వు ఆంధ్రానా?" అని అడుగుతారు. ఊరికెళ్తే అక్కడి చుట్టాలు "మీది కన్నడ తెలుగు" అని నవ్వుతారు. కొండమీద నిలబడిన రోజు ఆ రెండు మాటలూ నాకు బరువనిపించలేదు. తెలుగులో మొట్టమొదటి శాసనాల్లో ఒకటైన కలమళ్ళ శాసనం, సుమారు క్రీ.శ. 575 నాటిది, కడప జిల్లాలో పెన్న పరీవాహకంలోనే ఉంది. ఆ పెన్న పుట్టేది ఈ కొండల్లో. పుట్టింటి పక్కన ఉన్నవాళ్ళం మనం, పరాయివాళ్ళం ఎట్లా అవుతాం?

ఇంకొక మాట కూడా చెప్పాలి. ఇన్ని ఏళ్ళ పేర్లు రాశాను కానీ, మేము దిగి వస్తుంటే ఒక్క వాగులో కూడా చుక్క నీళ్ళు లేవు. అర్కావతి, పాలారు ఏడాదిలో ఎక్కువ భాగం ఇసుకే. చుట్టూ నీలగిరి తోపులు, పాతాళానికి దిగిన బోర్లు. ఇప్పుడు బెంగళూరు హెబ్బాళ, నాగవార లోయల మురుగునీళ్ళు శుద్ధిచేసి చిక్కబళ్ళాపురం చెరువులకు పంపుతున్నారు. ఒకప్పుడు ఈ కొండ నీళ్ళు తాగిన పట్నం, వాడేసిన నీళ్ళు కొండకు తిరిగి పంపుతా ఉంది. అయినా ఏళ్ళు చచ్చిపోలేదు. 2021 నవంబరు వానలకు ఎండిన వాగులన్నీ పారాయి. ఆ వరదకు కమలాపురం దగ్గర పాపాఘ్ని మీది వంతెన కూలిపోయింది. దారి మరిచిపోయింది మనం, నీళ్ళు కాదు.

ఇంటికొచ్చి అవ్వకు ఫోన్లో ఫోటోలు చూపించాను. కదిరి సంగతి, చిత్రావతి సంగతి చెప్పాను. శానాసేపు చూసి, "మా జేజి చెప్తా ఉండె, ఎండాకాలం ఏట్లో చెలమ తోడి నీళ్ళు తెచ్చేవాళ్ళంట, ఇసుక బెల్లమట్ల మెరిసేదంట" అంది. ఇన్నేళ్ళలో ఈ మాట మేమెవరమూ వినలేదు. ఊరు ఏది అని అడిగాం కానీ, ఏటి సంగతి అడగలేదు కాబట్టి చెప్పలేదు. నాయన పక్కనుంచి, "సరేలే, కంచి కథ కూడా రాసిపెట్టు, పిల్లోళ్ళకు బాగుంటుంది" అన్నాడు. రెండూ రాశాను. ఏది మాది, ఏది అరువు తెచ్చుకున్నదో పక్కనే రాశాను.

హోసూరులో, మధురలో, బరంపురంలో, షోలాపూరులో ఉన్న మనవాళ్ళకు ఒక మనవి. మీ ఇంట్లో పెద్దవాళ్ళను "మనది ఏ ఊరు?" అని అడిగితే తెలీదు అనొచ్చు. "ఏ ఏటి నీళ్ళు తాగేవాళ్ళు? పుట్టువెంట్రుకలు ఎక్కడ తీసేవాళ్ళు?" అని అడిగి చూడండి. చెప్పింది చెప్పినట్టు, వాళ్ళ మాటలోనే, ఆ రోజే రాసిపెట్టుకోండి.