పెంపుడు పిల్లి అంతిమ సంరక్షణ

పెంపుడు పిల్లి అంతిమ సంరక్షణ అనగా, తీవ్రమైన లేదా నయం కాని వ్యాధికి గురైన పెంపుడు పిల్లి విషయంలో యజమాని, పశువైద్యుడు కలసి తీసుకొనే నిర్ణయాలు, వాటిననుసరించి చేసే సేవ. ఇందులో ప్రధానంగా మూడు మార్గాలు ఉన్నవి. మొదటిది, వ్యాధిని నయం చేయటానికి లేదా అదుపులో ఉంచటానికి చేసే చికిత్స. రెండవది, నయం చేయటం సాధ్యం కానప్పుడు నొప్పిని, దప్పికను, వికారాన్ని తగ్గించే ఉపశమన సంరక్షణ. మూడవది, ఉపశమనం కూడా సాధ్యం కానప్పుడు పశువైద్యుని చేత దయామరణం కలిగించటం. ఈ మూడింటిలో దేనినీ ఎన్నుకొనక, నొప్పికి మందు లేకుండా పిల్లిని ఒక మూల వదలివేయటం సాధారణంగా కనిపించే నాలుగవ స్థితి. దీనిని చాలామంది ఒక నిర్ణయంగా భావించరు. కాని పిల్లి అనుభవించే బాధ దృష్ట్యా అది కూడా ఒక నిర్ణయమే.

పశువైద్య సదుపాయాలు ప్రధానంగా పాడిపశువుల కొరకు, గొర్రెల కొరకు ఏర్పడిన అనంతపురం వంటి మెట్ట ప్రాంతాలలో ఈ నిర్ణయం మరింత క్లిష్టంగా ఉంటుంది.

అనంతపురం ప్రాంతంలో పిల్లుల పెంపకం

అనంతపురం ప్రాంతం దక్కను పీఠభూమిలో, పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉన్నది. సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మి.మీ. మాత్రమే. ఏప్రిల్, మే నెలలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. 2022 ఏప్రిల్ 4న పూర్వపు అనంతపురం జిల్లా నుండి పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడినది.

ఇక్కడి ముఖ్యమైన మెట్టపంట వేరుశనగ. స్థానికులు దీనిని శెనక్కాయలంటారు. ఇంటిలో నిలువ చేసిన కాయలను, విత్తనాలను, ధాన్యాన్ని ఎలుకల నుండి కాపాడటానికి పల్లెలలో పిల్లులను చేరదీయటం పాత అలవాటు. ఇట్టి పిల్లి ఇంటిదీ, ఊరిదీ కూడా. దానికి పాలు పోసేవారు ఉంటారు గాని, వైద్యం చేయించాలనే ఆలోచన సాధారణంగా ఉండదు. పట్టణాలలో మాత్రం పిల్లి కుటుంబ సభ్యునిగా ఇంటిలోనే పెరుగుతున్నది. ఇంటిలో పెరిగి, టీకాలు వేయించుకొన్న పిల్లి 15 సంవత్సరాలు లేక అంతకు పైగా కూడా జీవించగలదు. వృద్ధాప్యంలో వచ్చే దీర్ఘవ్యాధులు, వాటితోపాటు వచ్చే ఈ నిర్ణయాలు, పల్లెలలో కంటె పట్టణాలలో ఎక్కువగా ఎదురవటానికి ఇది ఒక కారణం.

అనారోగ్యాన్ని గుర్తించటం

పిల్లి తన బాధను దాచుకొనే జంతువు. అడవిలో చిన్న వేటజంతువుగా జీవించిన దాని పూర్వీకులకు బలహీనతను బయటపెట్టటం ప్రమాదకరం. అందుచేత పిల్లి మూలుగులు వినిపించకపోతే నొప్పి లేదని భావించరాదు. ఈ క్రింది మార్పులను గమనించాలి.

* మేత మానటం, బరువు తగ్గటం. రెండు మూడు రోజులు ఏమీ తినని పిల్లికి, ముఖ్యంగా లావుగా ఉన్న పిల్లికి, కాలేయంలో కొవ్వు చేరి ప్రాణాపాయం కలగవచ్చు.
* ఒంటిని నాకి శుభ్రం చేసుకోవటం మానివేయటం, బొచ్చు అట్టలు కట్టటం.
* అటకల మీద, గాదెల వెనుక, మంచాల క్రింద దాగి ఉండటం.
* నీరు అతిగా త్రాగటం, మూత్రం అతిగా పోయటం.
* నోరు తెరచి శ్వాసించటం. నిద్రలో ఉన్న ఆరోగ్యవంతమైన పిల్లి సాధారణంగా నిమిషానికి 30 సార్లకు మించి శ్వాస తీసుకోదు.

మగపిల్లి మూత్రం పోయటానికి పదే పదే కూర్చొని, చుక్క కూడా రాక అరచుచున్నచో అది అత్యవసర స్థితి. మూత్రనాళం పూర్తిగా మూసుకొనిపోయిన పిల్లి చికిత్స లేనిచో రెండు మూడు రోజులలో మరణిస్తుంది. సకాలంలో గొట్టం వేసి మూత్రాన్ని బయటకు తీసినచో చాలా పిల్లులు బ్రతుకుతవి. దీనిని మలబద్ధకంగా పొరబడి ఇంటి వైద్యంతో కాలయాపన చేయరాదు.

నిర్ణయాన్ని ప్రభావితం చేసే వ్యాధులు

దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి: వృద్ధ పిల్లులలో ఇది చాలా సాధారణం. పెంపుడు పిల్లికి మూలమైన ఆఫ్రికా అడవిపిల్లి ఎండు భూములలో జీవించినది. అందువలన పిల్లి తక్కువ నీరు త్రాగి, మూత్రాన్ని చిక్కబరచి, ఒంటిలోని నీటిని కాపాడుకోగలదు. మూత్రపిండాలు చెడినప్పుడు మొదట పోయేది ఈ శక్తియే. వేసవి తీవ్రంగా ఉండే ప్రాంతాలలో ఇట్టి పిల్లి త్వరగా నీరసిస్తుంది. పశువైద్యులు ఈ వ్యాధిని నాలుగు దశలుగా విభజిస్తారు. తొలి దశలలో తగిన ఆహారంతో, నీటితో కొన్ని సంవత్సరాలు గడపవచ్చు. నాలుగవ దశలో చికిత్స లక్ష్యం ప్రధానంగా ఉపశమనమే.

పిల్లుల సాంక్రామిక ఉదరపొర వాపు: పిల్లులకు సోకే ఒక కరోనా వైరస్ వలన కలిగే ఈ వ్యాధి దాదాపు ఎల్లప్పుడూ ప్రాణాంతకమని 2010ల వరకు భావించబడినది. 2019లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్‌కు చెందిన నీల్స్ పెడర్సన్ బృందం జి.ఎస్.-441524 అను మందును 12 వారాలు ఇచ్చినప్పుడు ఎక్కువ పిల్లులు కోలుకొన్నవని ప్రచురించినది. కొన్నేళ్ళ క్రితం దయామరణమే శరణ్యమని చెప్పిన వ్యాధికి నేడు చికిత్స ఉండవచ్చునని తెలిపే ఉదాహరణ ఇది. కావున పాత అనుభవం ఆధారంగా కాక, పశువైద్యుని తాజా అభిప్రాయం ఆధారంగా నిర్ణయించాలి.

రేబిస్: అకస్మాత్తుగా స్వభావం మారి, కారణం లేకుండా కరచే పిల్లి విషయంలో మనుషుల రక్షణ ప్రథమం. కాటు పడిన చోటును సబ్బు, పారే నీటితో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రిలో టీకా ప్రారంభించాలి. కరచిన పిల్లిని తొందరపడి చంపి పూడ్చివేయరాదు. దానిని వేరుగా బంధించి, పశువైద్యునికి తెలిపి, పది రోజులు పరిశీలనలో ఉంచాలి. అయితే టీకా వేయించుకోవటం ఆ పది రోజుల ఫలితం కొరకు ఆపరాదు. లక్షణాలు కనిపించిన తరువాత రేబిస్‌కు చికిత్స లేదు.

బాధను అంచనా వేయటం

యజమాని ప్రేమ, భయం రెండూ అంచనాను తప్పుదారి పట్టించగలవు. అందుచేత పశువైద్యులు కొన్ని కొలమానాలను రూపొందించారు.

2004లో అమెరికా పశువైద్యురాలు ఆలిస్ విల్లలోబోస్ ప్రతిపాదించిన జీవన నాణ్యతా కొలమానంలో ఏడు అంశాలు ఉన్నవి. అవి నొప్పి, ఆకలి, ఒంటిలో నీటిశాతం, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డ రోజుల కంటె మంచి రోజులు ఎక్కువగా ఉండటం. ఒక్కొక్క అంశానికి 0 నుండి 10 వరకు మార్కులు ఇస్తారు. మొత్తం 35కు మించినచో సంరక్షణ కొనసాగించటం సమంజసమని భావిస్తారు.

2019లో కెనడాలోని మాంట్రియల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పిల్లి ముఖ కవళికలను బట్టి నొప్పిని గుర్తించే పద్ధతిని ప్రకటించారు. చెవులు ప్రక్కలకు తిరగటం, కళ్ళు మూసుకొనిపోవటం, మూతి బిగుసుకోవటం, మీసాలు నిటారుగా సాగటం, తల భుజాల కంటె దిగువకు వాలటం అను ఐదు గుర్తులు ఇందులో ఉన్నవి. ఒక్కొక్క దానికి 0 నుండి 2 వరకు మార్కులు వేయగా మొత్తం 10కి 4 లేక అంతకు మించినచో నొప్పిమందు అవసరమని సూచన.

ఇంటిలో దీనికంటె సులభమైన పద్ధతి కేలండరుపై గుర్తులు పెట్టటం. పిల్లి తిని, శుభ్రం చేసుకొని, పలుకరిస్తే స్పందించిన రోజు మంచి రోజు. అట్లు కాని రోజు చెడ్డ రోజు. రెండు వారాల గుర్తులను ఒక్కసారి చూచినప్పుడు, ప్రతిదినం చూచుట వలన కనిపించని క్షీణత కనిపిస్తుంది.

ప్రయాణమా, ఇంటి వద్ద సేవయా

అనంతపురం నుండి బెంగళూరు సుమారు 210 కి.మీ. దూరంలో ఉన్నది. అక్కడి హెబ్బాళ పశువైద్య కళాశాల 1958లో స్థాపించబడినది. తిరుపతిలోని పశువైద్య కళాశాల 1955 నాటిది. ఇది 2005లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగమైనది. తిరుపతి అనంతపురానికి బెంగళూరు కంటె దూరం. 2022 మే నెలలో ఆంధ్రప్రదేశ్‌లో 1962 ఫోను నంబరుతో సంచార పశు ఆరోగ్య సేవా వాహనాలు ప్రారంభమైనవి. ఇవి ప్రధానంగా రైతుల పశువుల కొరకు ఉద్దేశించినవి.

దూరపు ఆసుపత్రికి తీసుకొనిపోవాలా అను ప్రశ్నకు ముందుగా స్థానిక పశువైద్యుని నుండి ఈ విషయాలు తెలిసికొనటం ఉపయోగకరం.

# వ్యాధి నిర్ధారణ అయినదా, లేక అనుమానం మాత్రమేనా?
# అక్కడ చేసే చికిత్స వలన నయమగునా, లేక కాలం మాత్రమే పొడిగించబడునా? పొడిగించిన కాలం ఎట్లుండును?
# ఇప్పుడున్న స్థితిలో పిల్లి ప్రయాణాన్ని తట్టుకొనగలదా?
# మందులు ఇచ్చుట, మరల మరల తీసుకొనిపోవుట, వాటి ఖర్చు కుటుంబానికి సాధ్యమగునా?
# చికిత్స చేయించనిచో మరణం ఏ విధంగా ఉండును? దానిని బాధ లేకుండా చేయు మార్గమేమి?

మూత్రం అడ్డుపడటం, నయమయ్యే ఎముక విరుపు వంటి స్థితులలో ప్రయాణానికి అర్థం ఉన్నది. చివరి దశ మూత్రపిండ వ్యాధి, వ్యాపించిన కాన్సర్ వంటి వాటిలో ప్రయాణం పిల్లి కొరకా, యజమాని మనశ్శాంతి కొరకా అని ఆలోచించవలసి ఉంటుంది. వేసవిలో ప్రయాణం తప్పనిచో తెల్లవారుజామున, గాలి ఆడే బుట్టలో తీసుకొనిపోవాలి. ఖర్చు భరించలేక ఉపశమనాన్ని ఎన్నుకొన్న కుటుంబం పిల్లిని ప్రేమించలేదని అనరాదు. కరవు సంవత్సరంలో ఒక రైతు కుటుంబానికి ఆ ఖర్చు పశుగ్రాసానికి, విత్తనాలకు, పిల్లల చదువుకు ఉద్దేశించినదై ఉండవచ్చు.

ఇంటి వద్ద ఉపశమన సంరక్షణ

పిల్లిని చల్లని, నిశ్శబ్దమైన గదిలో ఉంచి, నీరు, మెత్తని ఆహారం, మలమూత్రాలకు మట్టి తొట్టి దగ్గరలో ఉంచాలి. ఆహారాన్ని కొద్దిగా వెచ్చచేసినచో వాసనకు ఆకర్షితమై తినవచ్చు. నీరు తగ్గిన పిల్లికి చర్మం క్రింద సెలైన్ ఎక్కించే పద్ధతిని పశువైద్యుడు యజమానికి నేర్పగలడు.

మనుషుల నొప్పిమాత్రలు ఎట్టి పరిస్థితులలోను ఇవ్వరాదు. పిల్లి కాలేయానికి పారాసెటమాల్‌ను విరిచే శక్తి చాలా తక్కువ. ఒక్క 500 మి.గ్రా. మాత్ర పిల్లిని చంపగలదు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కూడా ప్రమాదకరం. పిల్లులకు తగిన నొప్పిమందులు ఉన్నవి. వాటిని పశువైద్యుడే నిర్ణయించాలి.

దయామరణం, చట్టం

దయామరణంలో పశువైద్యుడు మొదట పిల్లికి మత్తు ఇచ్చి, స్పృహ పూర్తిగా పోయిన తరువాత మత్తుమందును అధిక మోతాదులో రక్తనాళంలోనికి ఎక్కిస్తాడు. సాధారణంగా కొద్ది నిమిషాలలో గుండె ఆగిపోతుంది. కళ్ళు తెరచి ఉండటం, తరువాత ఒకటి రెండు సార్లు శ్వాస వలె కదలటం సహజం. ఇది బాధకు గుర్తు కాదు.

భారతదేశంలో 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 3వ సెక్షను ప్రకారం, జంతువుకు అనవసరమైన బాధ కలుగకుండ చూడటం దానిని పెంచేవారి విధి. క్రూరమైన పద్ధతిలో చంపటం, ఆకలిదప్పులకు గురయ్యే విధంగా వదలివేయటం 11వ సెక్షను క్రింద నేరాలు. విషం పెట్టటం, నీటిలో ముంచటం, గోనెసంచిలో కట్టి ఊరి బయట వదలటం దయామరణం కావు. పశువైద్యం చేయటానికి 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం నమోదు అవసరం. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షను జంతువులను దురుద్దేశంతో చంపటాన్ని, విషం పెట్టటాన్ని శిక్షార్హంగా పేర్కొంటున్నది.

విశ్వాసాలు, నైతిక చర్చ

పిల్లిని చంపటం మహాపాపమను విశ్వాసం తెలుగునాట బలంగా ఉన్నది. అందుచేత దయామరణానికి అంగీకరించిన తరువాత కూడ చాలామంది అపరాధభావంతో బాధపడతారు. పిల్లి చావు దగ్గరపడినప్పుడు ఇల్లు విడిచిపోతుందను నమ్మకం కూడా ఉన్నది. జబ్బుపడిన పిల్లి దాగియుండు చోటును వెదకటమే ఇందుకు కారణం. అది చనిపోవటానికి వెళ్ళినదని వదలివేయక, వెదకి తెచ్చి చూపించినచో కొన్ని బ్రతకవచ్చు.

ఈ అంశంపై భారతదేశంలో జరిగిన ప్రసిద్ధ చర్చ 1928 నాటిది. సబర్మతి ఆశ్రమంలో నయం కాని స్థితిలో తీవ్రంగా బాధపడుతున్న ఒక దూడకు మహాత్మా గాంధీ సూదిమందు ద్వారా మరణం కలిగింపజేశాడు. దీనిపై తీవ్ర విమర్శలు వచ్చినవి. అదే సంవత్సరం అక్టోబరులో యంగ్ ఇండియా పత్రికలో ఆయన సమాధానం వ్రాశాడు. ప్రాణం తీయటం అన్ని సందర్భాలలో హింస కాదని, వేరు ఉపాయం లేనప్పుడు బాధనుండి విముక్తి కలిగించటం అహింసకు విరుద్ధం కాదని ఆయన వాదం. దీనికి భిన్నంగా, జైనుల ఆదరణలో నడిచే పింజ్రాపోల్ వంటి ఆశ్రయాలు సహజమరణం వరకు జంతువులను పోషించే సంప్రదాయాన్ని పాటిస్తున్నవి. ఈ రెండు దృక్పథాలకు ఉమ్మడి అంశం ఒకటున్నది. సహజమరణాన్ని ఎన్నుకొన్నవారు కూడ చివరివరకు సేవ చేయవలసినదే. సేవ లేని సహజమరణాన్ని ఏ సంప్రదాయమూ ధర్మంగా చెప్పలేదు.

మరణానంతరం

దయామరణానికి వాడిన మత్తుమందు కళేబరంలో నిలిచి ఉండి, దానిని తిన్న కుక్కలను, నక్కలను, పక్షులను చంపగలదు. కావున బావులకు, బోరుబావులకు, వంకలకు దూరంగా సుమారు మూడు అడుగుల లోతున పూడ్చాలి. రాతినేలలో కుక్కలు త్రవ్వకుండా పైన బండరాళ్ళు పేర్చటం మంచిది.

ఇంటిలోని పిల్లలకు పిల్లి నిద్రపోయినదని గాని, ఎక్కడికో వెళ్ళినదని గాని చెప్పక, చనిపోయినదని నెమ్మదిగా చెప్పటం ఉత్తమం. లేనిచో వారు దానికొరకు ఎదురుచూస్తారు. వృద్ధులలో, ఒంటరిగా నివసించేవారిలో ఈ దుఃఖం ఆప్తుల మరణదుఃఖంతో సమానంగా ఉండవచ్చు. ఒక జంతువు కొరకు ఇంత దుఃఖమా అని తేలిక చేయటం వలన అది తగ్గదు. నిర్ణయం తీసుకొన్న రోజున తెలిసిన విషయాలు ఏవో, గమనించిన గుర్తులు ఏవో ఒక కాగితంపై వ్రాసి ఉంచుకొనటం, తరువాతి కాలంలో కలిగే సందేహాలకు కొంత సమాధానం ఇస్తుంది.