సిపాయి కోసం తెరిచిన కార్యాలయం



పది పాసయ్యాకో డిగ్రీ చేతికొచ్చాకో మీ ఇంట్లో ఎవరో ఒకరు "ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజిలో పేరు రాయించుకున్నావా?" అని అడిగే ఉంటారు. రాయ్‌పూర్‌లో చదువుకునే మన పిల్లలైతే దాన్ని రోజ్‌గార్ కార్యాలయం అంటారు. ఆ కార్యాలయాన్ని మొదట చదువుకున్న నిరుద్యోగుల కోసం పెట్టలేదు. సైన్యం విడిచి ఇంటికి వస్తున్న సిపాయి కోసం పెట్టారు.

1945లో రెండో ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి భారత సైన్యంలో దాదాపు 25 లక్షల మంది ఉన్నారు. యుద్ధం లేనప్పుడు అంత సైన్యం అక్కర్లేదు. మరి వీళ్లంతా ఎలా బతకాలి? ఆ ఏడాది జులైలో ప్రభుత్వం పునరావాస, ఉపాధి డైరెక్టరేట్ జనరల్‌ను నెలకొల్పింది. సైన్యం నుంచి విడుదలైన వారికీ, యుద్ధకాలపు పనులు పోయిన కార్మికులకూ దాని ఎక్స్ఛేంజీలు కొత్త పని వెతికిపెట్టేవి. 1948 తొలినాళ్లలో వాటి తలుపులు అందరికీ తెరిచారు. 1956 నవంబరు 1న వాటి నిర్వహణ రాష్ట్రాలకు అప్పగించారు. ఆంధ్రప్రదేశ్, రాయ్‌పూర్‌తో కూడిన నాటి మధ్యప్రదేశ్ ఏర్పడింది కూడా ఆ రోజే. ఛత్తీస్‌గఢ్ పుట్టిందీ నవంబరు 1నే, 2000లో.

ఇక అసలు చిక్కు చూడండి. ఎక్స్ఛేంజి గుమాస్తా ముందు ఒక కార్డు ఉంటుంది. మనం మొక్కల్ని కుటుంబాలుగా విడదీసినట్టే వృత్తుల్నీ విడదీసి అంకెలు వేస్తారు. 1958లో జాతీయ వృత్తుల వర్గీకరణ వచ్చింది ఇందుకే. సైన్యంలో లారీ నడిపినవాడికి బయట కూడా అదే గడి. వైర్‌లెస్ ఆపరేటర్‌కీ, కాంపౌండర్‌కీ ఇబ్బంది లేదు. తుపాకీ పట్టిన సిపాయి సంగతి? అతనికి దొరికేది చాలాసార్లు గేటు దగ్గర కాపలా పని. మ్యాపు చదవడం, ప్రథమ చికిత్స, సామాను లెక్క, పదిమందిని నడిపించడం అతనికి వచ్చు. కార్డులో అవేవీ కనబడవు. లోపం మనిషిది కాదు, గడిది అని నా అభిప్రాయం.

విశాఖపట్నానికి చెందిన భాగవతుల సదాశివశంకర శాస్త్రిగారు 1943లో వైమానిక దళంలో చేరి బ్యాండులో వాయించేవారు. 1947లో బయటికొచ్చి మద్రాసులో 'ఆనందవాణి' పత్రికకు సంపాదకులయ్యారు. తరువాత సినిమా పాటలు రాశారు, 'సమగ్ర ఆంధ్ర సాహిత్యం' రాశారు. ఆయనే ఆరుద్ర. బ్యాండు వాద్యకారుడి గడి నుంచి సాహిత్య చరిత్రకారుడి గడికి ఏ పట్టికా దారి చూపదు.

2022లో వచ్చిన అగ్నిపథ్ పథకంలో చేరినవారు నాలుగేళ్లు పనిచేస్తారు. వారిలో 25 శాతం వరకే సైన్యంలో కొనసాగుతారు. మిగిలినవారు ఇరవైల వయసులోనే బయటికొస్తారు. మీ ఇంట్లో అలాంటి అన్నయ్య ఉంటే, సెలవుకు వచ్చినప్పుడు కాగితం, కలం పట్టుకుని పక్కన కూర్చోండి. హోదా అడగకండి. పొద్దున లేచింది మొదలు ఏమేం చేస్తాడో అడిగి రాయండి. ప్రయోగాల నోటుపుస్తకం నేను రాయించేదీ ఇలాగే: ముందు చేసింది రాయాలి, పేరు తరువాత పెట్టుకోవచ్చు.