ఎండబెట్టేది ఆమె, బిల్లు ఎవరి పేరున?: మిరప పొలాల్లో సౌర వ్యాపారమూ స్త్రీల యాజమాన్యమూ

ఇంధన పథకాలు స్త్రీల పేరున రావడం ఆంధ్రప్రదేశ్‌కు కొత్త కాదు. 1999లో మొదలైన దీపం పథకం డ్వాక్రా సంఘాల మహిళలకు గ్యాస్ కనెక్షన్లిచ్చి, ఎన్నో వంటిళ్లను కట్టెల పొగ నుంచి తప్పించింది. ఆ మేలు చిన్నది కాదు. అయితే అందులో ఆమె ఇంధనం వాడే మనిషే తప్ప దానితో వ్యాపారం చేసే మనిషి కాదు. సోలార్ డ్రయ్యర్ల వంటి చిన్న యూనిట్లు ఈ స్థితిని మారుస్తాయా అన్న ప్రశ్నను 2022 పునర్విభజనకు ముందటి గుంటూరు, ప్రకాశం జిల్లాల మిరప పొలాల్లో పెట్టి చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

మిరపలో కాయ కోత, తొడిమలు తీయడం, తాలుకాయ ఏరడం ప్రధానంగా ఆడకూలీల పనులు. సరుకు గుంటూరు మిర్చి యార్డుకు చేరాక తక్‌పట్టీ (అమ్మకం చీటీ) మీద కనిపించేది మాత్రం చాలావరకు మగవాడి పేరే. ఈ రెంటి మధ్య ఉండే దశ ఎండబెట్టడం. పండుకాయ బరువులో సుమారు మూడొంతులు నీరే. దాన్ని పది, పదకొండు శాతానికి దించడానికి కల్లంలో రోజుల తరబడి ఎండ కావాలి. అకాల వర్షం పడితే కాయ రంగు చెడుతుంది, బూజు పడుతుంది, అఫ్లాటాక్సిన్ చేరుతుంది. ఎండుమిర్చిలో ఈ విషం కిలోకు 10 మైక్రోగ్రాములు మించితే యూరోపియన్ యూనియన్ ఒప్పుకోదు. వాననూ దుమ్మునూ అడ్డుకునే సోలార్ డ్రయ్యర్ అవసరం ఇక్కడ స్పష్టంగా ఉంది.

కానీ ఎకరాకు ఇరవై క్వింటాళ్లకు పైగా ఎండుమిర్చి వచ్చే చోట సంఘం పెట్టే చిన్న డ్రయ్యర్ కల్లానికి బదులు కాలేదు. సంఘాలకు ఆ ఆశ చూపడం అన్యాయం. తొడిమ తీసిన మేలురకం కాయ, కారప్పొడి, సీజను లేనప్పుడు గోంగూర, కరివేపాకు: యూనిట్ నిలబడేది వీటి మీదే. కర్నూలు ప్రాంతంలో ఉల్లి, టమాటా ఎండబెట్టే సౌర యూనిట్లను పొదుపు సంఘాల మహిళలకు ఇచ్చిన అనుభవం మన ముందుంది. ఇలాంటి ఏర్పాట్లలో ముడిసరుకు ఇచ్చేదీ, ఎండిన సరుకు కొనేదీ ఒకే సంస్థ అయినప్పుడు ధర ఎవరు నిర్ణయిస్తారో అడగాలి. ధర మీద మాట చెల్లని మహిళ, అప్పు తన పేరున ఉన్నా, కూలీగానే మిగులుతుంది.

పెట్టుబడికి దారులు లేకపోలేదు. 2020లో వచ్చిన కేంద్ర సూక్ష్మ ఆహారశుద్ధి పథకం 35 శాతం రాయితీనీ, సంఘ సభ్యురాలికి 40,000 రూపాయల వరకు మూలధనాన్నీ ఇస్తుంది. పొదుపు సంఘాల మహిళలకిచ్చే స్త్రీనిధి అప్పులు ఉండనే ఉన్నాయి. చిక్కంతా స్థలం దగ్గరే. కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో వాటా ఇస్తూ రాష్ట్రం చేసిన చట్ట సవరణ 1985 సెప్టెంబరు నుంచే అమల్లో ఉంది. అయినా డ్రయ్యర్ పెట్టే డాబా, దొడ్డి సాధారణంగా భర్తవో మామవో. ఇంట్లో మాట తేడా వస్తే యంత్రం ఆమెదే, దాన్ని నిలిపే నేల ఆమెది కాదు.

సౌర యూనిట్లలాగే శుద్ధ ఇంధన వ్యాపారంలోకి వచ్చే పత్తి కట్టె, మిరప కట్టె విషయం ఇంకా సున్నితం. పేద ఇళ్లలో పొయ్యిలోకి వెళ్లే ఈ కట్టెను నొక్కి ఇంధన దిమ్మెలు చేసే బ్రికెట్ల పరిశ్రమ కొనడం మొదలుపెడితే దానికి ధర పుడుతుంది. పొలంలో ఉచితంగా ఏరుకునే కూలీ మహిళ అప్పుడు పొయ్యిలోకి ఏం పెట్టాలి? శుద్ధ ఇంధనం పేరుతో ఆమె మీద పడే ఈ భారాన్ని ప్రాజెక్టు లెక్కల్లో తప్పక రాయాలి.

పునరుత్పాదక ఇంధన రంగంలో స్త్రీలు 32 శాతమని అంతర్జాతీయ సంస్థ ఐరీనా 2019లో తేల్చింది. ఆఫీసు పనుల్లో వారి వాటా 45 శాతం, సాంకేతిక పనుల్లో 28. మన దగ్గరా డ్రయ్యర్ ఫ్యాను ఆగినా, షీటు చిరిగినా పట్టణం నుంచి మెకానిక్ రావలసిందే అయితే, అన్ని రోజులూ సరుకు పాడవుతుంది. అందుచేత మరమ్మతు శిక్షణ, సంఘం పేరున రాతపూర్వకమైన స్థలం లీజు, సభ్యురాలి పేరునే అమ్మకం బిల్లు అనే మూడూ అప్పు మంజూరుకు షరతులు కావాలి. వాయిదాలు కూడా నెలనెలా సమానంగా కాక, మిరప చేతికొచ్చే నెలల్లో ఎక్కువగా, తొలకరి రోజుల్లో తక్కువగా ఉండాలి. విత్తనాలకూ ఎరువులకూ ఇంట్లో డబ్బు వెతికే ఆ రోజుల్లోనే యూనిట్ సొమ్ము సేద్యంలోకి మళ్లిపోయే ప్రమాదం ఎక్కువ.