‘బాంచెన్’ అనని గౌరవం: డోర్నకల్ అజరయ్య, గాంధీజీ, నేటి చెల్పూర్ ప్రార్థన

చెల్పూర్‌లో కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు దూరానికే కనిపిస్తాయి. ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఆదివారం ఆరాధన ముగింపుకు వచ్చేసరికి విజ్ఞాపన ప్రార్థన మొదలవుతుంది. పాస్టర్‌గారు కళ్లు మూసుకుని ప్రధానమంత్రిగారిని, ముఖ్యమంత్రిగారిని, ఎమ్మెల్యేగారిని, సర్పంచ్‌గారిని వరసగా ‘జ్ఞాపకం చేసుకుంటారు’. సంఘమంతా ఆమెన్ అంటుంది. ఆ నాయకుడికి ఓటు వేయనివాళ్లు, ఆయన తెచ్చిన చట్టం వల్ల నష్టపోయినవాళ్లు కూడా వాళ్లలో ఉంటారు. వాళ్లు అన్న ఆమెన్ అంగీకారమా, అణకువా, ఇంకేదైనానా? ఈ వ్యాసం ప్రశ్న అదే.

ఈ ప్రశ్న మరెక్కడికంటే ఈ నేల మీద బరువైనది. ఇక్కడ అధికారికి మర్యాద చేయడమంటే తరతరాలుగా ‘నీ బాంచెన్ దొరా, కాల్మొక్త’ అనడమే. వెట్టి చేసిన కులాలకు గౌరవం, లొంగుబాటు రెండూ ఒకే మాటలో అలవాటయ్యాయి. జనగామ ప్రాంతంలో 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగింది దొరల మీద సాగిన, ఆ మాటను తిరగరాసే పోరాటంలోనే. అలాంటి చోట, పై అధికారులకు లోబడమని బైబిల్లో అపొస్తలుడు పౌలు రోమా సంఘానికి రాసిన మాటను వినే చెవికి పాత బాంచెన్ వినిపిస్తే తప్పు పట్టలేం.

అయితే పౌలు నడత చూస్తే ఆ అర్థం నిలవదు. ఫిలిప్పీలో అధికారులు విచారణ లేకుండా అతన్ని బెత్తాలతో కొట్టించి చెరలో వేశారు. తెల్లారి గుట్టుచప్పుడు కాకుండా వెళ్లిపొమ్మంటే అతను కదల్లేదు. రోమా పౌరుణ్ని కొట్టినవాళ్లు తామే వచ్చి బయటికి తీసుకుపోవాలన్నాడు. వాళ్లు వచ్చారు. మరోసారి యెరూషలేము సభలో, తన నోటి మీద కొట్టమన్న మనిషిని కటువుగా అన్నాడు. అతను ప్రధాన యాజకుడని చెప్పగానే ఆ మాట తగదని ఒప్పుకున్నాడు. తిట్టు వెనక్కి తీసుకున్నాడే తప్ప వాదన తీసుకోలేదు. పదవికి మర్యాద ఇస్తూనే, పదవిలో ఉన్నవాడి తప్పును తప్పనే చెప్పడం ఈ రెండు ఘట్టాల్లో కలిసి నడుస్తుంది.

ఈ నడతకు మన దగ్గర దొరికే నిండైన ఉదాహరణ నేటి మహబూబాబాద్ జిల్లాలోని డోర్నకల్. తిరునెల్వేలి నుంచి 1909లో ఇక్కడికి వచ్చిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. ఆయన సంఘంలో అత్యధికులు మాల, మాదిగ కూలీలు. 1936లో క్రైస్తవ మిషనరీ నాయకుడు జాన్ మాట్‌తో మాట్లాడుతూ గాంధీజీ, దళితుల్లో కొందరి గ్రహణశక్తి ఆవుకన్నా తక్కువని, వాళ్లకు సువార్త చెప్పడంలో అర్థం లేదని అన్నారు. ఆ మాట ‘హరిజన్’ పత్రికలో అచ్చయింది. డోర్నకల్ పల్లెల్లో బాప్తిస్మం తీసుకున్న కూలీకి ఆ పోలిక ఎంత గుచ్చుకుంటుందో వేరే చెప్పాలా? నిరుపేదకూ మనస్సాక్షి ఉందని, తన దేవుణ్ని తానే ఎంచుకోగలడని అజరయ్య గట్టిగా నిలబడ్డారు. దేశమంతా మహాత్మా అని కొలిచే మనిషికి ఎదురు చెప్పడం అప్పుడు చిన్న సంగతి కాదు.

ఇదే అజరయ్య అంతకు నాలుగేళ్ల ముందు గాంధీజీ వైపు నిలిచారు. 1932లో బ్రిటిష్ ప్రభుత్వం ప్రకటించిన కమ్యూనల్ అవార్డు క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇచ్చింది. తన సంఘానికి లాభమనిపించే ఆ ఏర్పాటును గాంధీజీలాగే ఆయనా వద్దన్నారు. సంఘం ఓట్ల గుంపుగా మారితే బాప్తిస్మం కూడా రాజకీయపు లెక్కలా కనిపిస్తుందన్నది ఆయన భయం. ఒక విషయంలో కలిసిన నాయకుడితోనే మరో విషయంలో విభేదించడం, విభేదించినందుకు పాత కలయికను చెరిపేయకపోవడం నా దృష్టిలో ఈ చరిత్రలో అన్నిటికన్నా విలువైన సంగతి. అలాగని ఆయన్ను దోషరహితుడిగా నిలబెట్టలేను. బ్రిటిష్ చక్రవర్తి కోసం ప్రార్థించే సంఘంలో ఆయన బిషప్. ఆ ప్రభుత్వం విషయంలో ఆయన చూపిన ఓర్పు గాంధీజీ అనుచరులకు అనుమానం పుట్టించడంలో ఆశ్చర్యం లేదు. ఓర్పు ఎక్కడ ఆగాలో చెప్పే గీత ఆయన దగ్గరా స్పష్టంగా లేదు.

ఆ గీత ఇప్పటి సంఘానికి అత్యవసరం. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. దళిత క్రైస్తవులు బయటే ఉండిపోయారు. తెలంగాణలో వాళ్లకు దక్కేది బీసీ–సీ కింద ఒక్క శాతం రిజర్వేషన్. ఢిల్లీలో ఏ పార్టీ గద్దెనెక్కినా వాళ్ల విషయంలో ఆ పేరా మారలేదు. ఇంత సుదీర్ఘమైన అన్యాయం ముందు ‘నాయకుల కోసం ప్రార్థించండి’ అని మాత్రమే చెప్పే బోధకుడు సగం వాక్యమే చెబుతున్నాడు. మిగతా సగం అర్జీ, ఊరేగింపు, కోర్టు, ఓటు.

తీరా ఎన్నికలొస్తే కండువా వేసుకున్న అభ్యర్థి ఆరాధన మధ్యలో లోపలికి వస్తాడు. వేదిక మీద కుర్చీ వేస్తారు. తల వంచితే చెయ్యి పెట్టి ప్రార్థిస్తారు. వాకిట్లో కారు కదిలేసరికి సంఘం ఫలానా పార్టీదని ఊరంతా అనుకుంటుంది. అజరయ్య 1932లో భయపడింది ఈ దృశ్యానికే. అవతలి పార్టీ అభ్యర్థి వచ్చినా అదే కుర్చీ, అదే ప్రార్థన దక్కితే దాన్ని మర్యాద అనవచ్చు. ఒకరికే దక్కితే అది బేరం. ఇద్దరినీ వెనక బెంచీలో కూర్చోబెట్టి, ఆరాధన ముగిశాక వాకిట్లో నిలబెట్టి, సంఘపెద్దలు ‘మూడో పేరా మీద మీరేం చేస్తారు సార్?’ అని అడిగే సంఘం ఉంటే నేను ఆ ఊరి దాకా వెళ్లి చూడాలనుకుంటాను.