నింపాల్సిన గడి

రాజోలు దగ్గర మా ఊళ్ళో కూర్చుని ముంబైలో ఉన్న ఒక సర్వర్ని రెండేళ్ళుగా చూసుకుంటున్నాను. చూసుకోవడం అనేది మాటవరసకే, దాన్ని కళ్ళతో ఒక్కసారీ చూళ్ళేదు. పోయిన వేసవిలో దానికి మెమరీ పెంచాల్సొచ్చింది. లోపల స్లాట్లెన్ని, ఖాళీలెన్ని? ఎస్‌ఎస్‌హెచ్‌లో లాగిన్ అయి ‘డీఎంఐడీకోడ్’ నడిపాను. స్లాట్లు ఎనిమిది, నాలుగు ఖాళీ అంది. బాగానే ఉంది. కానీ సీరియల్ నంబరు ఉండాల్సిన చోట ‘టు బి ఫిల్డ్ బై ఓఈఎం’ అని ఉంది. తయారుచేసినవాళ్ళు నింపాల్సిన గడి అన్నమాట. నింపలేదు.

అక్కణ్ణుంచీ అనుమానం మొదలైంది.

80ల్లో పీసీకి తనలో ఏ కార్డుందో తనకే తెలిసేది కాదు. ఐఎస్‌ఏ కార్డుల మీద జంపర్లు మార్చి, ఏ ఇంటరప్టు ఎవరిదో మనిషే గుర్తుపెట్టుకోవాలి. రెండు కార్డులు ఒకే నంబరు మీద కూర్చుంటే గొడవే. 1992లో ఇంటెల్ తెచ్చిన పీసీఐతో ఈ బాధ తప్పింది. ప్రతి కార్డూ తయారీదారు నంబరూ, తన నంబరూ చిప్పులోనే పెట్టుకుని అడిగితే చెప్పాలి. ఇంటెల్ తనకి ఉంచుకున్న నంబరు 8086, అంటే 1978 నాటి తన ప్రాసెసర్ పేరే. ఆ నంబర్లకి పేర్లు జతచేసే పట్టీని చెక్ ప్రోగ్రామర్ మార్టిన్ మారెష్ మొదలుపెడితే, ప్రపంచం నలుమూలల నుంచీ ఎవరెవరో నింపుతూ వచ్చారు. ‘ఎల్‌ఎస్‌పీసీఐ’ చూపించే పేర్లు అవే.

డీఎంఐ దారి వేరు. 90ల మధ్యలో వచ్చిన ఈ పద్ధతిలో బయాస్ ఒక పట్టిక రాసిపెడుతుంది. డీఎంఐడీకోడ్ ఆ పట్టికని చదువుతుందే తప్ప మెషీన్ని తడిమి చూడదు. ఇందులోని సమాచారం తరచూ తప్పుగానో అరకొరగానో ఉంటుందని దాని మాన్యువలే హెచ్చరిస్తుంది.

అది చదవగానే మా తాతయ్యగారి లంక భూమి గుర్తొచ్చింది. గోదావరి ఒక ఒడ్డు కోస్తుంది, ఇంకో పక్క మేట వేస్తుంది. మా ఎకరం అడంగల్లో భద్రంగా ఉంది, చోటుకెళ్తే నీళ్ళు. నాన్నగారు మాత్రం ‘మనకి లంకలో ఎకరం ఉందిరా’ అంటూనే ఉండేవారు. కాయితం అబద్ధమాడలేదు, రాసిన రోజున అది నిజమే. తర్వాత ఎవరూ వచ్చి చూళ్ళేదు, అంతే. 2020 డిసెంబరులో రాష్ట్రంలో రీసర్వే మొదలై డ్రోన్లు ఎగిరాయి. అయినా పటం చేతికొచ్చాక రైతుని పొలం గట్టు మీద నిలబెట్టి హద్దులు సరిచూసుకోవాల్సే వచ్చింది.

నేనూ సరిచూద్దామనుకున్నా. మెమరీ స్టిక్కు ప్రతిదాని మీదా ఎస్‌పీడీ అనే చిన్న చిప్పుంటుంది. సైజెంత, వేగమెంత అన్నది అందులో ఉంటుంది. దాన్నే నేరుగా అడిగితే నాలుగు స్టిక్కులూ పలికాయి. కానీ ఖాళీ స్లాటు ఎలా పలుకుతుంది? లేనిదీ, ఖాళీగా ఉన్నదీ దూరం నుంచి ఒకేలా కనబడతాయి.

ఇక మిగిలింది ఐపీఎంఐ. 1998లో ఇంటెల్, డెల్, హెచ్‌పీ, ఎన్‌ఈసీ కలిసి తెచ్చిన ప్రమాణం ఇది. మెషీన్ ఆపేసి ఉన్నా బోర్డు మీది వేరే చిన్న కంట్రోలర్ మనతో మాట్లాడుతుంది. అందులో ‘ఐడెంటిఫై’ అని ఒక కమాండుంది. కొడితే సర్వర్ మీద ఒక దీపం మిణుకుమిణుకుమంటుంది. వరసలు వరసలుగా ఉన్న డబ్బాల్లో మనది ఏదో అక్కడున్న మనిషి పోల్చుకోడానికి. ఇంత చరిత్ర నడిచాక కూడా చివరి మెట్టు ఒక మనిషి కన్నే!

దీపం వెలిగించాను. డేటా సెంటర్ కుర్రాడు డబ్బా విప్పి ఫోటో పంపాడు. స్లాట్లు నాలుగే, నాలుగూ నిండి ఉన్నాయి. ఎనిమిది స్లాట్ల బోర్డు బయాసే బహుశా దీనికీ వేసేసి ఉంటారు. అదనంగా నాలుగు స్టిక్కులకి ఆర్డరు మర్నాడు వెళ్ళాల్సుంది. ఆపేశాను.

ఫోటోలో స్టిక్కర్ మీది సీరియల్ నంబరు మా టీం షీట్లో ఎక్కించి, పక్కనే తేదీ వేశాను. ఆ రోజుకి నిజం. అంతవరకే.