బాస్కెట్‌బాల్: ముందు ఆగడం నేర్పండి.. తర్వాతే షూటింగ్! జంప్ స్టాప్, పివట్ అంటే ఏంటి?

బాస్కెట్‌బాల్ కోర్టులో పరుగెత్తడం పిల్లలకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఆగడమే నేర్పాలి. వేగంగా వచ్చి బంతి అందుకున్నాక ఒక్క అడుగు ఎక్కువ పడినా రిఫరీ విజిల్ వేస్తారు.. బంతి అవతలి జట్టుకు వెళ్లిపోతుంది. ఇదే ట్రావెలింగ్.

ఈ రూల్ ఆటతో పాటే పుట్టింది. 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ రాసిన 13 రూల్స్‌లోనే, బంతి పట్టుకుని పరుగెత్తకూడదని ఉంది.

ఎలా ఆగాలి?

జంప్ స్టాప్: గాల్లో ఉండగా బంతి అందుకుని, రెండు పాదాలతో ఒకేసారి దిగాలి. అప్పుడు ఏ కాలినైనా పివట్‌గా వాడుకోవచ్చు.

స్ట్రైడ్ స్టాప్: ఒక పాదం తర్వాత ఇంకో పాదం. గాల్లో బంతి అందుకుంటే ముందు పడిన కాలే పివట్.

2017లో ఫిబా ఒక మార్పు చేసింది. కదులుతూ బంతి పట్టుకున్న క్షణంలో నేలపై ఉన్న పాదాన్ని ఇప్పుడు లెక్కపెట్టరు. ఆ తర్వాత పడేదే మొదటి అడుగు.

పివట్ ఎలా?

పివట్ కాలు ఉన్నచోటే ఉండాలి. మడమ కాస్త లేపి, పాదం ముందు భాగంపై తిరగాలి. రెండో కాలు ఎటైనా, ఎన్నిసార్లైనా వేయొచ్చు. డ్రిబుల్ మొదలుపెట్టాలంటే బంతి చేతిని వదిలాకే పివట్ కాలు లేపాలి. పాస్‌కో, షాట్‌కో అయితే ముందే లేపొచ్చు.. కానీ ఏ పాదమూ మళ్లీ నేలను తాకేలోపు బంతి చేతిలోంచి వెళ్లిపోవాలి.

మోకాలు జాగ్రత్త

మోకాలిలోని ఏసీఎల్ అనే లిగమెంట్ తెగడం బాస్కెట్‌బాల్‌లో పెద్ద గాయం. చాలాసార్లు ఎవరూ తగలకుండానే, హఠాత్తుగా ఆగినప్పుడో, దిశ మార్చినప్పుడో, దూకి దిగినప్పుడో తెగుతుంది. అమ్మాయిలకు ఈ ముప్పు ఇంకా ఎక్కువ. అందుకే మోకాళ్లు బిగపట్టి దిగకూడదు, లోపలికి వంగనివ్వకూడదు.

నేర్పే వరుస

మొదట బంతి లేకుండా నెమ్మదిగా నడుస్తూ, విజిల్ వినగానే ఆగడం. తర్వాత పరుగులో. ఆ తర్వాత పాస్ అందుకుని ఆగి, పివట్ చేయడం. చివర్లోనే ఎదురుగా డిఫెండర్. పాదాలు భుజాలంత వెడల్పు, మోకాళ్లు వంచి, తల పైకి.. ప్రతిసారీ ఇవే చూడాలి. ఆగాక పిల్లలు ముందుకు తూలుతుంటే, నడుము సరిగ్గా కిందికి దించడం లేదేమో చూడాలి. అలాంటప్పుడు వేగం తగ్గించి మళ్లీ మొదటి నుంచి చేయించాలి.