మతాల కీడును తూచిన చట్టం: పి.గన్నవరం నుంచి ఒక పరిశీలన

ఏ మతం వల్ల లోకానికి ఎక్కువ కీడు జరిగిందన్న వాదన అరుగుల మీద పుట్టి అక్కడే చల్లారిపోతుందని అనుకుంటాం. మన దేశంలో చల్లారలేదు. 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి ఉత్తర్వులోకి ఎక్కింది. షెడ్యూల్డ్ కులాల జాబితాను ప్రకటించిన ఆ ఉత్తర్వు మూడో పేరాలో, హిందూ మతం కాక వేరే మతాన్ని అవలంబించేవారెవరినీ షెడ్యూల్డ్ కులస్తులుగా ఎంచరాదని రాశారు. పంజాబులోని నాలుగు సిక్కు కులాలకు మాత్రం అప్పుడే మినహాయింపు దొరికింది. 1956లో సిక్కు దళితులందరినీ, 1990లో బౌద్ధులనూ లోపలికి తెచ్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉండిపోయారు.

కోనసీమలో ఈ పేరా రోజువారీ బతుకుకు తగులుతుంది. అమలాపురం లోక్‌సభ స్థానం, అమలాపురం, రాజోలు, పి.గన్నవరం శాసనసభ స్థానాలు ఎస్సీలకు కేటాయించినవి. పి.గన్నవరం నియోజకవర్గం 2008 పునర్విభజనలో ఏర్పడింది, 2009లో తొలి ఎన్నిక జరిగింది. నామినేషన్ వేసే మనిషి ఆదివారం ఎక్కడికి వెళ్తాడన్నది ఇక్కడ అతని సొంత విషయం కాదు, అర్హతకు సంబంధించిన విషయం. మతాలను మొత్తంగా, అవి చేసే కీడును బట్టి పోల్చవచ్చా అన్న ప్రశ్నకు తత్వశాస్త్ర గ్రంథాల్లో కన్నా ఈ ఉత్తర్వు నడిచిన డెబ్బై అయిదేళ్లలోనే ఎక్కువ సాక్ష్యం ఉందని నా వాదన.

ఉత్తర్వు వెనక ఉన్న తర్కం చూడండి. అంటరానితనం హిందూ సమాజ వ్యవస్థ చేసిన కీడు. క్రైస్తవంలో, ఇస్లాంలో కులం లేదు. కాబట్టి అటు వెళ్లినవాడికి ఆ కీడు ఉండదు, కీడు లేనివాడికి పరిహారం అక్కర్లేదు. వినడానికి లెక్క సరిపోయినట్టే ఉంటుంది. కానీ సిక్కు, బౌద్ధ మతాల బోధల్లోనూ కులానికి చోటు లేదు. వారిని చేర్చినప్పుడు ప్రభుత్వం చూసింది బోధను కాదు, మారినా కులం వదలడం లేదన్న వాస్తవాన్ని. అంటే రెండు మతాలను ఆచరణను బట్టి, మరో రెండు మతాలను బోధను బట్టి తూచారు. పైగా షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో మతం షరతే లేదు. ఒకే తక్కెడ, మూడు రకాల రాళ్లు!

రాష్ట్ర స్థాయిలో లెక్క మళ్లీ వేరు. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలను, వారి సంతానాన్ని ఆంధ్రప్రదేశ్ బీసీ-సి గ్రూపులో పెట్టి 1 శాతం రిజర్వేషన్ ఇస్తోంది. 'సంతానాన్ని' అన్న ఆ ఒక్క మాటతో, బాప్తీస్మం తర్వాత తరాలు గడిచినా వెనకబాటు పోలేదని రాష్ట్రం ఒప్పుకున్నట్టే. 1977 నుంచి కొన్ని ఆర్థిక రాయితీలూ ఇచ్చింది. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని 2023 మార్చిలో శాసనసభ తీర్మానించింది. క్రైస్తవంలోకి మారినవారికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ వర్తించదని 2025లో ఒక పాస్టర్ కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. అదే మనిషి, అదే దళితపేట. రాష్ట్రం బీసీ జాబితాలో కీడు కొనసాగుతోంది, కేంద్రం ఎస్సీ జాబితాలో ఆగిపోయింది.

సుప్రీంకోర్టు ముందుకు ఈ ప్రశ్న 1985లో ఒక చెప్పులు కుట్టే మనిషి ద్వారా వచ్చింది. సూసై మద్రాసులో రోడ్డు పక్కన కూర్చుని పని చేసుకునేవాడు. ఎస్సీ వృత్తిదారులకు ప్రభుత్వం ఉచితంగా బంకులు ఇస్తుంటే, క్రైస్తవుడని అతనికి ఇవ్వలేదు. అదే తోలు, అదే ఆరె, అదే రోడ్డు. కోర్టు అతని వాదనను కొట్టేస్తూ ఒక షరతు చెప్పింది: పాత వ్యవస్థలో పడిన అణచివేత అంతే తీవ్రతతో కొత్త మతంలోనూ ఉందని రుజువు చూపాలి. ఈ వ్యాసం అడుగుతున్న ప్రశ్నే అది. కాకపోతే ఇక్కడ దాన్ని ఒక చెప్పులు కుట్టే మనిషి నెత్తిన పెట్టారు. రెండు మతాల కీడును పక్కపక్కన పెట్టి, సమానమని లెక్క తేల్చాల్సిన భారం అతనిది! విశ్వవిద్యాలయాలకే చేతకాని పని.

ఎందుకు చేతకాదో పేటలోకి వెళ్తే తెలుస్తుంది. రావులపాలెం నుంచి కొత్తపేట మీదుగా పి.గన్నవరం వచ్చే దారిలో డిసెంబరులో ఏ పేట ముందు ఆగినా, డాబాల మీద కాగితం నక్షత్రాలు, పేట మొగలో అంబేడ్కర్ విగ్రహం ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తాయి. ఇంట్లో బైబిలును గుడ్డ సంచిలో పెట్టి అలమరలో పై అరలో ఉంచుతారు. కుల ధ్రువీకరణ పత్రం పిల్లల సర్టిఫికెట్లతో పాటు ప్లాస్టిక్ ఫైల్లో, కింది అరలో. చర్చిలో పిలిచే పేరు ఒకటి, రికార్డులో పేరు ఇంకొకటి. దీన్ని మోసం అనేవారున్నారు. నాకు మాత్రం చట్టం నేర్పిన జాగ్రత్తలా కనిపిస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా లెక్కల్లో క్రైస్తవులు 1971లో 4 శాతం పైచిలుకు; 2011 నాటికి 1.34 శాతం. ఈ నలభై ఏళ్లలో ఊరూరా ప్రార్థనా మందిరాలు పెరగడం చూసినవారెవరూ ఈ అంకెను మనుషుల నమ్మకానికి కొలతగా తీసుకోలేరు. ఫలానా మతంలో ఇంతమందికి ఇంత కీడు అని చెప్పాలంటే ముందు ఆ మతంలో ఎంతమంది ఉన్నారో తెలియాలి. కీడును తూచే చట్టమే ఆ తలల లెక్కను చెరిపేసింది.

మన భాషలోనూ ఒక చిక్కుంది. 'మతం' అంటే మొదట అభిప్రాయం. సమ్మతం, అభిమతం అన్న మాటల్లో ఆ అర్థం ఇంకా మిగిలి ఉంది. కోస్తా పల్లెల్లో 'వాళ్లు మతం పుచ్చుకున్నారు' అంటే క్రైస్తవులయ్యారని. పుచ్చుకోనివారికి మతం లేదనే కదా ఆ వాడుక లోపలి మాట! వారికున్నది కులం, ఇలవేలుపు, తీర్థం, జాతర. ఒకవైపు పుచ్చుకున్న వస్తువు, మరోవైపు పుట్టుకతో అంటిన బతుకు. ఈ రెండింటినీ 'మతం' అనే ఒకే గంపలో వేసి తూస్తే ముల్లు ఎటు చూపుతుంది?

ఈ తూకం పాశ్చాత్యులకూ కొత్త కాదు. 1757లో డేవిడ్ హ్యూమ్ మతం సహజ చరిత్ర రాస్తూ బహుదేవతారాధనను, ఏకేశ్వర మతాలను పరమత పీడన విషయంలో పోల్చాడు. పలు దేవుళ్లను కొలిచేవారే సహనపరులని తేల్చాడు. అతని కొలబద్ద ఇతర మతాల వారిని హింసించడం ఒక్కటే. పరాయి దేవుడి జోలికి పోకుండా, తన ఊళ్లోనే కొందరిని బావి దగ్గరికి రానీయని సమాజం ఆ కొలతలో నూటికి నూరు మార్కులు తెచ్చుకుంటుంది. అమెరికాలో వెలువడిన ఒక యుద్ధాల విజ్ఞానసర్వస్వం 1,763 యుద్ధాలను లెక్కగట్టి, 123ను మాత్రమే మత యుద్ధాలంది. ఏడు శాతం లోపే కాబట్టి మతం నిర్దోషి అని కొందరు సంబరపడ్డారు. యుద్ధం జరగకుండా వెయ్యేళ్లు నడిచిన కీడు ఆ పుస్తకంలో ఏ పేజీలో దొరుకుతుంది? ఏది కొలవాలో ఎంచుకున్నప్పుడే ఫలితం సగం తేలిపోతుంది.

కీడుకు లెక్క కట్టడమే అసాధ్యమని నేననడం లేదు. పక్కనే ఉన్న మామిడికుదురు మండలాన్ని చూడండి. 1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ గ్యాస్ పైపు పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఆ కీడుకు తేదీ ఉంది, చోటు ఉంది, పైపుకు యజమాని ఉన్నాడు. పరిహారం ఎవరిని అడగాలో ఊరికి తెలుసు.

ఇప్పుడు అంతర్వేదికి రండి. 2020 సెప్టెంబరు మొదటి వారంలో ఒక రాత్రి లక్ష్మీనరసింహస్వామి రథం షెడ్డులోనే కాలిపోయింది. కారణం ఇంకా తేలకముందే, నిరసనకు వచ్చిన గుంపులో కొందరు అక్కడి చర్చి మీద రాళ్లు వేశారు. జరిగిన కీడుకు ముందు ఒక మతం దొరికింది. కారణం తర్వాత చూసుకోవచ్చు! 2022 మే 24న అమలాపురంలో జరిగింది ఇంకా చిత్రం. కొత్త కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు చేర్చాలన్న ప్రతిపాదన మీద అల్లర్లు చెలరేగి మంత్రి పినిపే విశ్వరూప్ ఇల్లు, ముమ్మిడివరం ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇల్లు తగలబడ్డాయి. కోనసీమలో రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. మతాల కీడును లెక్కించే పట్టికలో దీన్ని ఏ గడిలో రాయాలి? గొడవ దేవుడి గురించి కాదు, గుడి గురించీ కాదు. ఆ పట్టికలో దీనికి గడే లేదు. కారంచేడుదీ అదే చిక్కు. 1985 జూలై 17న ఆరుగురు మాదిగలను చంపారు. ఒంగోలు ప్రాంతపు మాదిగపల్లెల్లో అప్పటికే నూరేళ్లుగా బాప్టిస్టు క్రైస్తవం ఉంది. కానీ గొడ్డళ్లు వెతికింది క్రైస్తవుల కోసం కాదు, మాదిగల కోసం. మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న, 1975లో సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్న 'గుడిసెలు కాలిపోతున్నాయ్' రాసింది అంతకు ముందే, ఇలాంటి నిప్పును తలచుకునే.

మేలు పద్దు సంగతేమిటని హిందూ పక్షం అడగవచ్చు, న్యాయమే. పి.గన్నవరంలో ఆ పద్దు డొక్కా సీతమ్మతో మొదలవుతుంది. 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరం కోడలై వచ్చి, 1909లో కన్నుమూసే దాకా వేళ కాని వేళ వచ్చిన బాటసారికీ అన్నం పెట్టిన ఇల్లాలు. వైనతేయ గోదావరి మీది కొత్త అక్విడక్టుకు ఆమె పేరే పెట్టారు. 2024 నుంచి రాష్ట్రంలో బడి పిల్లల మధ్యాహ్న భోజనానికీ ఆమె పేరే. ఆ అన్నాన్ని హిందూ ధర్మం ఖాతాలో వేయవచ్చా? వేస్తే, అదే ధర్మం పేరు చెప్పి అన్నం దూరంగా పెట్టిన చేతులనూ అదే ఖాతాలో వేయాలి. ఇంకొకటి: కులం అడగకుండా అందరికీ పెట్టిందని నూరేళ్ల తర్వాత కూడా ప్రత్యేకంగా చెప్పుకుంటున్నామంటే, చుట్టూ ఉన్న ఊరి నడవడి ఏమిటో ఆ పొగడ్తే చెబుతోంది.

అందుకని పోలికే వద్దని చేతులు కడుక్కోవడం కూడా నాకు ఇష్టం లేదు. అది దెబ్బ తిన్నవాడి కన్నా కొట్టినవాడికే ఎక్కువ సుఖం. పోల్చదగినవి ఆచారాలు: బావి, దారి, శ్మశానం, పెళ్లి, పంక్తి, ప్రార్థనలో కూర్చునే చోటు. వీటికి మతాల సరిహద్దులు పట్టవు. అంటరానితనంపై వేసిన జస్టిస్ పున్నయ్య ఏకసభ్య కమిషన్ రాష్ట్రంలో తిరిగి నమోదు చేసిన పద్ధతి ఇలాంటిదే. టీ కొట్లో రెండు గ్లాసులున్నాయా, గుడిలోకి రానిస్తున్నారా అని అది అడిగింది. అదే ప్రశ్నను చర్చి గుమ్మం దగ్గరా అడగాలి. మాలల చర్చి, మాదిగల చర్చి అని ఒకే ఊళ్లో వేర్వేరుగా ఎందుకున్నాయని అడిగితే క్రైస్తవ పెద్దలూ ఇబ్బంది పడతారు. మతం మారినందువల్ల ఏమీ మారలేదనడమూ తప్పే. కరువు తర్వాత 1878 జూలై 3న ఒంగోలు మిషన్ ఒక్కరోజే 2,222 మందికి బాప్తీస్మం ఇచ్చింది. మతం పుచ్చుకున్న మాదిగలు ఆదివారం పనికి రామన్నారు, చచ్చిన గొడ్డు మాంసం మానేశారు, జాతరలో డప్పు కొట్టబోమన్నారు. భూస్వాములతో గొడవలు వచ్చింది అందుకే. దేనిలో మార్పు వచ్చింది, దేనిలో రాలేదు అని అంశం వారీగా చూస్తే లెక్క తేలుతుంది. మొత్తంగా తూస్తే తేలదు.

మతం మారిన ఎస్సీల హోదాను పరిశీలించడానికి కేంద్రం 2022 అక్టోబరులో జస్టిస్ కె.జి.బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది. అలాంటి కమిషన్ ఏదైనా పి.గన్నవరం వస్తే ఆదివారం రాకుండా సోమవారం రావడం మంచిది. మీసేవ కౌంటరు ముందు వరుసలో నిలబడ్డ తల్లి చేతిలో ప్లాస్టిక్ ఫైలు ఉంటుంది. దరఖాస్తులో మతం అన్న గడి దగ్గర లోపలి కుర్రాడు తలెత్తకుండానే 'హిందూ కదమ్మా' అంటాడు. ఆవిడ 'ఆయ్' అంటుంది.